పక్కపక్క ఇళ్లు, పొంతన లేని పన్నులు

ఇంటి పన్ను అనగానే అందరూ అడిగేది ఎంత పెరిగిందనే. ఎలా లెక్కగట్టారని అడిగేవాళ్లు తక్కువ. అసలు పేచీ అక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ, అంటే ఇల్లు అద్దెకిస్తే ఎంతొస్తుందన్న అంచనా మీద పన్ను వేసే పద్ధతి పోయి, ఆస్తి విలువ లెక్క వచ్చింది. స్థలానికి, కట్టడానికి కలిపి వచ్చే విలువలో నివాసమైతే 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరమైతే 0.20 నుంచి 2 శాతం. జనం గోల పెట్టకుండా పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమన్నారు. వినడానికి బాగానే ఉంది. కాగితం మీద వేసి చూడండి.

ఒకే వీధిలో రెండు ఇళ్లు, విలువ చెరో 40 లక్షలు అనుకుందాం. 0.15 శాతం చొప్పున ఏడాదికి 6,000 రూపాయలు. కొత్తగా కట్టుకున్న ఇంటికి పాత బిల్లు లేదు కాబట్టి మొదటి ఏడాదే మొత్తం పడుతుంది. పక్కన ఎప్పుడో 2,000కి ఖాయమైన ఇంటికి ఏటా 15 శాతం కలుపుకుంటూ పోతే ఆ 6,000 చేరడానికి ఎనిమిదేళ్లు. పోనీ తక్కువ కట్టేవాళ్లయినా సంతోషంగా ఉన్నారా అంటే, అదీ లేదు. ఐదేళ్లలో బిల్లు రెట్టింపయిందని వాళ్ల బాధ వాళ్లది. స్థలం ధర పెరిగితే అమ్ముకునేవాడికి లాభం గానీ, అందులోనే కాపురముండే రిటైర్డ్ ఉద్యోగి పెన్షన్ పెరగదు కదా!

వర్గీకరణది ఇంకో తంతు. మా వీధిలో ఒకావిడ వసారాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొలతలకొచ్చిన మనిషి గోడ మీద బోర్డు చూసి ‘కమర్షియల్’ అని రాసుకున్నాడు. మర్నాడే బోర్డు దిగిపోయింది, మిషన్ మాత్రం ఆగలేదు. షోరూమ్‌నీ ఈ వసారానీ ఒకే గాటన కడితే జనం నేర్చుకునేది దాచడమే. హైదరాబాద్‌లో ఇప్పటికీ అద్దె విలువ లెక్కే నడుస్తున్నా, నివాసం, నివాసేతరం అన్న గీత మాత్రం అక్కడా ఉంది.

ఇంట్లోనే సొంతంగా నడుపుకునే చిన్న పనికి వేరే తరగతి పెట్టాలి. వాడుకునే గది కొలతకే ఎక్కువ రేటు వేయాలి. అన్నిటికన్నా ముందు, ఏ డోర్ నంబరుకు ఎన్ని చదరపు అడుగులు, ఏ తరగతి, ఎంత పన్ను రాశారో వీధి వారీగా వార్డు సచివాలయం గోడకు అంటించాలి. తప్పుంటే పక్కింటివాళ్లే పట్టేస్తారు.