గాయమయ్యేది రెండో చేతికి

ఉలి పట్టుకున్నది నా కుడి చెయ్యి. తెగింది ఎడమ చేతి చూపుడు వేలు. ఇది జరిగి మూడేళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ మచ్చ చూసి ఏమైందని అడుగుతారు, నేను చెప్తాను, వాళ్లు వెంటనే "కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మళ్లీ ఒకాయన అన్నాడు. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఆరోజు జాగ్రత్తగానే ఉన్నాను. అదే నా బాధ. కళ్లు ఉలి మొన మీదే ఉన్నాయి, ఫోన్ పక్క గదిలో ఉంది, తొందరేమీ లేదు. అరచేతిలో పట్టేంత చెక్క ముక్క, దాని అంచున చిన్న గాడి తీయాలి, రెండు నిమిషాల పని. ముక్కను బల్లకు బిగించాలంటే లేచి నాలుగడుగులు వేసి క్లాంపు తెచ్చుకోవాలి. లేవలేదు. ఎడమ చేత్తో ముక్కను పట్టుకుని కుడి చేత్తో ఉలిని ముందుకు తోశాను. చెక్కలో ఒకచోట ముడి ఉంది. ఉలి అక్కడ ఆగిపోయింది. ఇంకాస్త బలం పెట్టాను. ముడి మీద నుంచి జారి నేరుగా వేలి మధ్య భాగంలో, అరచేతి వైపు దిగింది.

పెద్ద నొప్పి లేదు. గాటు సెంటీమీటరు కూడా ఉండదు. కాసేపు నొక్కి పట్టుకుంటే రక్తం ఆగింది. కడిగి, ప్లాస్టర్ అంటించి, మిగిలిన గాడి కూడా పూర్తి చేశాను. మళ్లీ అదే పద్ధతిలో, ముక్కను చేత్తో పట్టుకునే. నవ్వుకోండి, పర్వాలేదు. సాయంత్రం చొక్కా గుండీ పెట్టుకోబోతే తెలిసింది, ఆ వేలి చివరి కణుపు వంగడం లేదు. మధ్య కణుపు మామూలుగానే వంగుతోంది, చివరిది మాత్రం ఎంత గట్టిగా అనుకున్నా కదలదు. వేలికి ఒక పక్కన తాకితే మందపాటి గుడ్డ మీద నుంచి తాకినట్టుంది.

చిన్న గాటుకి ఇంత ఎలా అవుతుందో అర్థం కావాలంటే చేతి లోపల ఏముందో తెలియాలి. మన వేళ్లలో వాటిని వంచే కండరాలు లేవు. ఆ పని చేసే పెద్ద కండరాలు మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉంటాయి. కావాలంటే ఇప్పుడే ఒక చేత్తో రెండో చేతిని మోచేతి కింద పట్టుకుని వేళ్లు ముడిచి చూడండి, కదలిక అక్కడ తెలుస్తుంది. అక్కడి నుంచి తాళ్ల లాంటి స్నాయువులు మణికట్టు దాటి, అరచేతి గుండా వేళ్లలోకి వస్తాయి. బొటనవేలు తప్ప మిగతా నాలుగు వేళ్లకీ వంచే తాళ్లు రెండేసి. ఒకటి మధ్య కణుపు దాకా వచ్చి అతుక్కుంటుంది, రెండోది దాన్ని దాటి చివరి కణుపు దాకా వెళ్తుంది. నాకు తెగింది ఆ రెండోది. వేలికి రెండు పక్కలా స్పర్శ తెలిపే నాడి ఒక్కోటి, దాన్ని ఆనుకుని రక్తనాళం. ఇవన్నీ చర్మానికి కొన్ని మిల్లీమీటర్ల కిందే ఉంటాయి. ఉలి మొనకు ఆ దూరం ఒక లెక్కా?

మన భాషతో ఇక్కడో ఇబ్బంది ఉంది. రక్తనాళం తెగినా నరం తెగిందంటాం, స్పర్శ తెలిపే నాడి తెగినా నరమే, వేలిని లాగే స్నాయువు తెగినా నరమే. దాంతో రక్తం ఆగిందంటే నరం బాగానే ఉందని అర్థం చేసుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. రక్తం ఆగడానికీ మిగతా రెండింటికీ సంబంధం లేదు. స్నాయువు తెగితే పెద్దగా రక్తం రాదు. తెగిన పై కొసను కండరం తనవైపు లాక్కుంటుంది, ఒక్కోసారి అది అరచేతిలోకి వెళ్లిపోతుంది. రోజులు గడిచేకొద్దీ దాన్ని మళ్లీ ముందుకు తెచ్చి కుట్టడం కష్టమవుతుంది. అందుకే గాటు ఎంత పొడవుందో చూసి నిర్ణయించుకోకండి. రక్తం ఆగాక ఒక్కో వేలినీ, ఒక్కో కణుపునూ విడివిడిగా వంచి, చాచి చూడండి. వేలికి రెండు పక్కలా తాకి, రెండో చేతి అదే వేలితో పోల్చుకోండి. తేడా ఉంటే ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, రేపు చూద్దాం అనుకోవద్దు. వంగుతోంది గానీ నొప్పిగా ఉంది, బలం లేదు అనిపించినా వెళ్లండి. సగం తెగిన స్నాయువు కొన్నాళ్లు పని చేసి తర్వాత పూర్తిగా తెగిపోవచ్చు.

నా గాటు ఇంకాస్త కింద, వేలి మొదలు వైపు పడి ఉంటే వ్యవహారం ఇంకా చిక్కయ్యేది. అక్కడ రెండు తాళ్లూ ఒకే ఇరుకు గొట్టంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరుగుతాయి. స్టెర్లింగ్ బనెల్ అనే అమెరికన్ సర్జన్ ఆ భాగానికి 'నో మ్యాన్స్ ల్యాండ్' అని పేరు పెట్టాడు. అంటే కుట్టడానికి అక్కడ ఎవరూ చెయ్యి పెట్టకూడదని. కుడితే తాళ్లు చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి వేలు బిగుసుకుపోయేది. దశాబ్దాల పాటు చాలామంది సర్జన్లు అక్కడ చర్మం మాత్రం కుట్టి, తర్వాత ఇంకోచోటి స్నాయువు తెచ్చి వేసేవారు. 1967లో హెరాల్డ్ క్లైనెర్ట్ బృందం అక్కడ కూడా వెంటనే కుట్టి మంచి ఫలితాలు రాబట్టవచ్చని చూపించాకే ఆ భయం తగ్గడం మొదలైంది.

నాకు ఆపరేషన్ అయింది. తర్వాత ఆరు వారాలు చేతికి స్ప్లింట్, అంటే వేలు ఇష్టమొచ్చినట్టు కదలకుండా ఆపే గట్టి కట్టు. స్నాయువు అతుక్కుపోకుండా చెప్పినంత మేరకే వేలిని కదిలించాలి, కుట్టు తెగకుండా అంతకు మించి కదిలించకూడదు. ఈ రెండింటి మధ్య ఫిజియోథెరపీ అనే నరకం. బరువులెత్తడానికి మూడు నెలలు ఆగమన్నారు. నాడి అయితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, కాబట్టి వేలి కొస దాకా స్పర్శ రావడానికి నెలలు పట్టింది, వచ్చింది కూడా పూర్తిగా కాదు. నాలుగడుగులు వేయని బద్ధకానికి ఇదీ లెక్క.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. పదునైన వస్తువుల గురించి మనకు దొరికే సలహాలన్నీ కత్తి పట్టుకున్న చేతి గురించే. ఇలా పట్టుకో, అలా తిప్పు, చూపు మళ్లించకు. పనిముట్టు పట్టుకున్న చెయ్యి దాదాపు ఎప్పుడూ పిడి వెనకాల క్షేమంగానే ఉంటుంది. దెబ్బ తినేది ఎదురుగా ఉన్న రెండో చెయ్యి. వస్తువును పట్టుకున్న చెయ్యి, స్కేలును అదిమిపెట్టిన చెయ్యి, మూతను ఆపిన చెయ్యి. దాని గురించి ఎవరూ మాట్లాడరు. స్కేలు పక్కన కట్టర్‌తో కాగితం కోసేటప్పుడు బొటనవేలు కొస స్కేలు అంచు దాటి బయటికి ఉంటుంది, మనం గీత వంక చూస్తుంటాం. ఎడమ అరచేతిలో ఏదో వస్తువు పెట్టుకుని కుడి చేత్తో స్క్రూడ్రైవర్‌ను దానిలోకి నొక్కుతాం, స్క్రూడ్రైవర్ పదునైన వస్తువే కాదన్నట్టు. అట్టపెట్టె టేపును కత్తి మనవైపు లాగుతూ కోస్తాం. ఏదైనా చేతిలోంచి జారి పడుతుంటే పట్టుకోబోతాం, అది కత్తి అని చెయ్యి ముందుకు వెళ్లాక గుర్తొస్తుంది. పడనివ్వండి, కాళ్లు వెనక్కి తీసుకోండి చాలు.

జాగ్రత్త అనేది మనసులో ఉండేది, రెండో చెయ్యి ఉండేది బల్ల మీద. మనసు పది నిమిషాలు జాగ్రత్తగా ఉంటుంది, పదకొండో నిమిషంలో ఇంకెక్కడికో వెళ్తుంది. చేతిని మాత్రం దారిలోంచి ఒకసారి తప్పిస్తే తప్పించినట్టే. బలం పెట్టే ముందు నేను ఇప్పుడు అడుక్కునే ప్రశ్న ఒక్కటే: ఇది ఇప్పుడు జారితే ఎక్కడికెళ్లి ఆగుతుంది? ఆ జవాబులో నా ఒంట్లో ఏ భాగం ఉన్నా పని ఆపేస్తాను. వస్తువును పట్టుకునే పని క్లాంపుకో వైస్‌కో అప్పగించి రెండు చేతులూ పనిముట్టు వెనక్కి తెచ్చుకుంటాను.

"మొద్దు కత్తే ప్రమాదం, పదును పెట్టుకుంటే ఏమీ కాదు" అని ఇంకొకటి చెప్తుంటారు. సగం నిజం. మొద్దుదానికి ఎక్కువ బలం పెట్టాలి, జారినప్పుడు ఆ బలమంతా ఎటో పోవాలి. ఒప్పుకుంటాను. సాన పట్టిన ఉలి మాత్రం తక్కువ బలంతోనే లోతుగా దిగుతుంది. కొత్తగా పదును పెట్టిన రోజే వేళ్లు కోసుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు, పాత బలం చేతికి అలవాటైపోయి. పదును ఉండాల్సిందే, కానీ రెండో చెయ్యి దారిలోనే ఉంటే పదును ఏం కాపాడుతుంది?

2004లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. పనిలో చేతికి గాయమైన 1,166 మందితో, గాయమైన కొద్ది రోజుల్లోనే మాట్లాడి, ఆ క్షణంలో ఏం జరుగుతోందో అడిగారు. పనిముట్టుగానీ కోస్తున్న వస్తువుగానీ అనుకున్నట్టు ప్రవర్తించనప్పుడు గాయమయ్యే అవకాశం మామూలు కంటే 11 రెట్లు. ఎప్పుడూ చేసే పద్ధతి మార్చి చేస్తే పది రెట్లకు పైగా. పరధ్యానం, తొందర కూడా జాబితాలో ఉన్నాయి గానీ వీటి కంటే కిందే. ఇది చదివినప్పుడు నాకు ఆ ముడి గుర్తొచ్చింది. ఉలి ఆగిన క్షణమే నేను చెయ్యి ఆపి ఉండాల్సిన క్షణం. మొండికేసిన వస్తువు మీద మనం చేసే మొదటి పని ఇంకాస్త గట్టిగా తోయడం. కోపం కూడా వస్తుంది, చెక్క మీద!

గ్లవ్స్ వేసుకోవడంతో ప్రమాదం 60 శాతం తగ్గిందని కూడా అందులో ఉంది. అయితే గ్లవ్స్ విషయంలో రెండు మాటలు. కోతను తట్టుకునే గ్లవ్, కత్తి అంచు రాసుకుంటే ఆపుతుంది, మొన గుచ్చుకుంటే ఆపుతుందన్న నమ్మకం లేదు. నా ఉలిని అది ఆపేదో లేదో. డ్రిల్లు, లేతు, టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి కరెంటు రంపం) లాంటి తిరిగే యంత్రాల దగ్గర అసలు వేసుకోకూడదు, గుడ్డ చిక్కుకుంటే దాంతోపాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. ఇక ఒకే గ్లవ్ ఉన్నప్పుడు జనం దాన్ని కత్తి పట్టుకునే చేతికి తొడుక్కుంటారు. రెండో చేతికి తొడగండి మహాప్రభో.

టేబుల్ సా అంటే గుర్తొచ్చింది. 1999లో స్టీవ్ గాస్ అనే ఆయన, భౌతికశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న పేటెంట్ లాయరు, వేలు తగిలితే 5 మిల్లీసెకన్లలో ఆగిపోయే రంపం తయారు చేశాడు. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం ప్రవహిస్తూ ఉంటుంది, ఒళ్లు తగలగానే అది మారుతుంది, అల్యూమినియం దిమ్మ ఎగిరి బ్లేడులో దిగబడుతుంది. బ్లేడు పాడవుతుంది, వేలికి చిన్న గాటుతో సరి. నాకు ఇందులో నచ్చింది, అది ఎవరినీ జాగ్రత్తగా ఉండమని అడగదు.

ఇంతా చెప్పాక కూడా తెగితే? శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి పైకెత్తి పట్టుకోండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూడకుండా పది నిమిషాలు అలాగే ఉండండి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. దారం, రబ్బరు బ్యాండు బిగించి కట్టొద్దు, ఏ పొడీ చల్లొద్దు. లోపల ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగొద్దు. వేలు పూర్తిగా తెగితే ఆ ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు కలిపిన నీళ్లలో పెట్టండి. నేరుగా ఐసు మీద పెడితే కణజాలం పాడవుతుంది. జపాన్‌లో కొమత్సు, తమాయ్ అనే ఇద్దరు సర్జన్లు పూర్తిగా తెగిపోయిన బొటనవేలును అతికించింది 1965లో, కాబట్టి ఆశ వదులుకోకండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి, "తుప్పు లేదుగా" అని ఊరుకోవద్దు. ఆ బ్యాక్టీరియా ఉండేది మట్టిలో, తుప్పులో కాదు.

మా అక్క కొడుకుకి పన్నెండేళ్లు. చెక్క చెక్కడం నేర్పమని పోయిన నెల వచ్చాడు. మొదటి రోజంతా ఉలి ఇవ్వలేదు, ముక్కను బిగించడం, విప్పడం మాత్రమే చేయించాను. వాడికి విసుగొచ్చింది, అయినా చేశాడు. రెండో రోజు నేను రంగు డబ్బా మూత తీస్తున్నాను, డబ్బాను ఎడమ చేత్తో పొట్టకు అదుముకుని, కుడి చేత్తో స్క్రూడ్రైవర్ మూత కింద దోపి. వాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"మామయ్యా, అది జారితే ఎక్కడికెళ్లి ఆగుతుంది?"

డబ్బా కింద పెట్టాను. క్లాంపు వాడే తెచ్చిచ్చాడు.