అటేడు తరాలు, ఇటేడు తరాలు

పెళ్లి సంబంధానికి అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూడాలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ సూత్రం గోదావరి దాటి, సముద్రాలు దాటి, చివరికి అమెరికా రాజకీయాల్లోకి చేరినందుకు మనం గర్వపడాలి. 2024 జూలైలో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో, అప్పటికి ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉన్న జె.డి. వాన్స్ గారు ఒక శ్మశానం గురించి చెప్పారు. అమెరికా అంటే వట్టి ఆదర్శం కాదట, ఫలానా జనమట. అందుకు సాక్ష్యం తూర్పు కెంటకీ కొండల్లో ఉన్న వాళ్ల కుటుంబ సమాధులు. తానూ, తన భార్యా, ఆ తర్వాత పిల్లలూ అక్కడికే చేరితే లెక్క ఏడు తరాలకు సరిపోతుందట. మన దగ్గర పొలానికి పాసుపుస్తకం అడుగుతారు, అక్కడ దేశానికి సమాధిరాయి అడుగుతున్నారు.

చిక్కల్లా ఇటేడు తరాల దగ్గరే. ఆయన సతీమణి ఉష గారు పుట్టింటి తరఫున చిలుకూరి వారు. పూర్వీకుల ఊరు పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు. ఆ వైపు తరాలు లెక్కపెట్టాలంటే కాలవ గట్ల వెంట తిరగాలి కానీ కెంటకీ కొండల్లో దొరకవు. పెళ్లి ఎటూ అయిపోయింది కాబట్టి పెద్దలు ఆ సంగతి ఎత్తడం లేదు.

ఈ కొలతకు సరిపోయేవారికి ఇప్పుడు 'హెరిటేజ్ అమెరికన్' అని పేరు కూడా పెట్టారు. హెరిటేజ్ అనగానే మనకు పాల ప్యాకెట్టు గుర్తొస్తుంది. పోలిక మరీ దూరమేమీ కాదు, అక్కడా రంగు చూశాకే మిగతావి చూస్తారు. అయితే ఈ సరుకు తయారుచేయాలనుకునే ఔత్సాహికులు తొందరపడి రంగంలోకి దిగి చేతులు కాల్చుకుంటున్నారు. వారి కోసమే ఈ నాలుగు సూచనలు. ఇందులో ఏదీ కల్పన కాదు, అమెరికా చట్టాలూ తీర్పులూ చెప్పిందే.

ముందుగా తెలుసుకోవలసింది కొలబద్దను ఎక్కడ పాతాలన్నది. మన తాత ఓడ దిగిన చోటికి ఒక్క అడుగు ఇవతల పాతాలి. అంతకంటే వెనక్కి జరిపితే మనమే అవతల పడతాం. 1751లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటి పెద్దమనిషి జర్మన్ల వలసను చూసి బెంగపెట్టుకుని ఒక వ్యాసం రాశాడు. ఆయన లెక్కలో ఫ్రెంచివాళ్లు, ఇటలీవాళ్లు, రష్యన్లు, ఆఖరికి స్వీడన్ వాళ్లు కూడా చామనచాయవాళ్లే. జర్మన్లలో సాక్సన్లను మాత్రం దయతో వదిలిపెట్టాడు. పాలటినేట్ ప్రాంతం నుంచి వచ్చే మొరటు జనం మన ఊళ్లలోకి ఎందుకిలా ఎగబడాలి అని అడిగాడు. అదే పాలటినేట్‌లోని కాల్‌స్టాట్ అనే ఊరి నుంచి 1885లో 16 ఏళ్ల కుర్రాడొకడు, మంగలి పని నేర్చుకున్నవాడు, న్యూయార్క్‌లో దిగాడు. పేరు ఫ్రెడరిక్ ట్రంప్. తర్వాత సొంత ఊళ్లో స్థిరపడదామని వెనక్కి వెళితే, సైనిక సేవ ఎగ్గొట్టి పోయాడని, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న బవేరియా ప్రభుత్వం 1905లో దేశం విడిచి పొమ్మంది. బహిష్కరించవద్దని రాజప్రతినిధికి అర్జీ పెట్టుకున్నా పని కాలేదు. ఆ ఇంటికే 1930లో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి నుంచి ఒక అమ్మాయి అమెరికా వచ్చి కోడలైంది. ఆమె మాతృభాష ఇంగ్లీషు కాదు, గేలిక్. ఆమె కొడుకు 2025 మార్చి 1న ఇంగ్లీషును అమెరికా అధికార భాషగా ప్రకటించాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అనే సామెతను మనం తిట్టుగా వాడతాం గానీ, అక్కడ అది పరిపాలనా విధానం.

రెండోది కుంచం. ఎవరెంతమంది రావాలో కొలిచేది అదే. ఇందులో మహా నేర్పు చూపించినవారు 1920ల నాటి అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, సభ్యులు. 1921లో ఒక చట్టం చేశారు: 1910 జనాభా లెక్కల్లో ఏ దేశంలో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి, అందులో నూటికి ముగ్గురు చొప్పున ఏటా రానివ్వాలి. లెక్క పక్కాగానే ఉంది, కానీ కొలిస్తే ఇంకా ఇటలీవాళ్లు, పోలండ్ వాళ్లు, యూదులు కుంచంలో పడుతూనే ఉన్నారు. కారణం సులభమే: వాళ్లంతా 1890 తర్వాత పెద్ద ఎత్తున వచ్చినవారు, 1910 లెక్కల్లోకి ఎక్కేశారు. మామూలు వర్తకుడైతే కుంచం చిన్నది చేసి ఊరుకునేవాడు. వీళ్లు నూటికి ఇద్దరని కుంచాన్ని చిన్నది చేయడమే కాకుండా, కొలిచే గాదెను కూడా మార్చారు. 1924 చట్టంలో 1910 తీసేసి 1890 పెట్టారు, అంటే 34 ఏళ్ల నాటి లెక్క. ఎక్కడా ఇటలీ అనీ యూదు అనీ ఒక్క మాట రాయలేదు. ఆసియావాళ్లకైతే గాదె, కుంచం అనే శ్రమ కూడా లేకుండా తలుపే వేసేశారు.

కూలిడ్జ్ అధ్యక్షుడు ఆ చట్టం మీద 1924 మే 26న సంతకం పెట్టాడు. సరిగ్గా ఏడు రోజుల తర్వాత, జూన్ 2న, ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. అది అమెరికాలో వేల ఏళ్లుగా ఉంటున్న ఆదివాసీలందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చే చట్టం. ఇంటి యజమానికి వరండాలో పడుకునే అనుమతి అన్నమాట. ఏడు తరాలేమిటి, డెబ్బై తరాలు చూపించగలిగినవాళ్లు అక్కడ వాళ్లొక్కరే. కానీ శ్మశానాల పోటీలో వాళ్లను ఎప్పుడూ పిలవరు, గెలుస్తారని భయం.

ఇక రుచి చూసే ఘట్టం. 1790 చట్టం ప్రకారం పౌరసత్వం తీసుకోవాలంటే 'స్వేచ్ఛ గల తెల్ల మనిషి' అయివుండాలి. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. మధ్యలో మిగిలినవాళ్లు తెల్లవాళ్లమని రుజువు చేసుకోవాలి. తకావో ఒజావా అనే జపాన్ దేశస్థుడు 20 ఏళ్లు అక్కడ బతికి, కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదివి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతూ, మా ఒళ్లు చూడండి, మీలో చాలామంది కన్నా తెల్లగా ఉన్నామన్నాడు. 1922 నవంబరులో సుప్రీంకోర్టు తలూపి, నాయనా, తెలుపంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతి అయివుండాలి అంది. ఆ తీర్పు విని మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ తింద్ సంబరపడ్డాడు. ఆనాటి శాస్త్రవేత్తల పుస్తకాల ప్రకారం ఉత్తర భారతీయులు కాకేసియన్లే కదా! మూడు నెలలు తిరక్కుండా 1923 ఫిబ్రవరిలో అదే కోర్టు, శాస్త్రం సంగతి మాకెందుకు, సామాన్యుడు తెల్లవాడంటే ఎవరనుకుంటాడో వాడే తెల్లవాడు అంది. రెండు తీర్పులూ రాసింది ఒక్కరే, జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండులో. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న పట్టుదలకు ఇంతకంటే మంచి ఉదాహరణ న్యాయశాస్త్రంలో దొరకదు: నవంబరులో మూడు కాళ్లు, ఫిబ్రవరిలో ఐదు.

తింద్ తరఫు వాదనలో ఒక ముక్క మాత్రం మనవాళ్లు తీరిగ్గా చదువుకోవాలి. అగ్రకుల హిందువు భారతదేశపు మూలవాసుల్ని పెళ్లి సంబంధాల విషయంలో ఎలా చూస్తాడంటే, అమెరికావాడు నీగ్రోను చూసినట్టే చూస్తాడు, కాబట్టి మేమూ మీలాంటివాళ్లమే అని రాశారు. మళ్లీ పెళ్లే! అంటరానితనాన్ని అర్హతా పత్రంగా జతచేసి పెడితే జాలిపడి లోపలికి పిలుస్తారనుకున్నారు. కోర్టు ఆ కాగితం చూసింది, మనిషిని చూసింది, తలుపు వేసింది. ఆ తీర్పు పట్టుకుని, అంతకుముందే పౌరసత్వం వచ్చిన పదులమంది భారతీయుల దగ్గర కూడా తిరిగి లాక్కున్నారు. కుల గౌరవాన్ని సూట్‌కేసులో సర్దుకుని డాలస్ విమానం ఎక్కేవారు ఈ ఫైలు కూడా పక్కన పెట్టుకోవడం మంచిది.

సామాన్యుడి అవగాహనకు తీర్పు వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒక సామాన్యుడు, మా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. అడ్డుపడ్డ అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. కాల్చినవాడు తర్వాత ఇంకో బార్‌కి వెళ్లి, ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు.

నల్లవాళ్ల విషయంలో కుంచం పనిచేయదు, ఎందుకంటే వాళ్లు వచ్చినవాళ్లు కాదు, తెచ్చినవాళ్లు. పైగా తరాల లెక్క చూస్తే చాలామంది తెల్లవాళ్ల కన్నా ముందున్నారు. అందుకని అక్కడ తాతల్ని వాడారు. 1898లో లూసియానా రాష్ట్ర రాజ్యాంగం, ఓటు వేయాలంటే చదువో ఆస్తో ఉండాలంది. చదువు రాని పేద తెల్లవాళ్లు గోలపెడతారు కదా, వాళ్లకు మినహాయింపు: 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటు ఉంటే చాలు. ఆ తేదీ నాటికి అక్కడి నల్లవాళ్లకు ఓటు లేదు. తేదీ ఎంపికలోనే ఉంది ప్రతిభ అంతా. 1896లో ఆ రాష్ట్రంలో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉంటే, 1904 నాటికి మిగిలింది 1,342.

ఇలాంటి తాతల నిబంధనలను 1915లో సుప్రీంకోర్టు కొట్టేశాక పరీక్షల మీద పడ్డారు. 1964 నాటికి కూడా లూసియానాలో కొన్నిచోట్ల ఇచ్చిన ప్రశ్నపత్రంలో 30 ప్రశ్నలు, సమయం 10 నిమిషాలు, ఒక్కటి తప్పినా ఓటు లేదు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు చాలడం లేదని ఏడ్చే పిల్లలకు ఇది చూపించాలి. ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: 'వెనక్కి' అనే మాటను, ముందుకి రాయి. మామూలుగా రాస్తే మధ్యలో కామా ఎందుకు పెట్టామంటారు. తిప్పి రాస్తే ముందుకి అన్నాం కదా అంటారు. కుడితే తేలు, కుట్టకపోతే కుమ్మరిపురుగు. దిద్దేవాడు కౌంటర్ వెనక కూర్చున్న గుమాస్తా, కీ పేపర్ ఆయన బుర్రలో ఉంటుంది.

ఇప్పటి పద్ధతుల్లో ప్రశ్నపత్రం ఖర్చు కూడా లేదు. లాస్ ఏంజెలెస్ వీధుల్లో వలస అధికారులు ఎవరిని ఆపవచ్చన్న కేసులో కింది కోర్టు పెట్టిన ఆంక్షలను 2025 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు 6-3తో పక్కనపెట్టింది. ఆ కేసులో నడిచిన ఆనవాళ్లు నాలుగు: చూడ్డానికి ఏ జాతిలా ఉన్నాడు, స్పానిష్‌గానీ యాసతో ఇంగ్లీషుగానీ మాట్లాడుతున్నాడా, ఎక్కడ నిలబడ్డాడు, ఏ పని చేస్తున్నాడు. కాగితాలున్నవాళ్లను ఎలాగూ త్వరగానే వదిలేస్తారు కదా అని ఒక న్యాయమూర్తి ఊరడించారు కూడా. యాసతో ఇంగ్లీషు మాట్లాడేవారిలో నెల్లూరువారూ నల్గొండవారూ ఉన్నారని విడిగా చెప్పక్కర్లేదు.

ఈ యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో కూడా చెప్పాలి. 2011లో అలబామా రాష్ట్రం దేశంలోకెల్లా కఠినమైన వలస చట్టం చేసింది. ఆ నవంబరులో టస్కలూసా పోలీసులు నంబరు ప్లేటు లేని ఒక అద్దె కారు ఆపారు. నడిపేవాడి దగ్గర విదేశీ గుర్తింపు కార్డు తప్ప లైసెన్సు లేదు. కొత్త చట్టం ప్రకారం స్టేషనుకు తీసుకెళ్లారు. తీరా చూస్తే ఆయన మెర్సిడెస్ బెంజ్ కంపెనీ పని మీద జర్మనీ నుంచి వచ్చిన అధికారి. 1993లో అదే అలబామా 25 కోట్ల డాలర్లకు పైగా రాయితీలిచ్చి, బతిమాలి తెచ్చుకున్న కంపెనీ అది. వల కన్ను ఎంత ఉండాలో తెలియని జాలరి చేప బదులు పడవను పట్టుకున్నట్టయింది.

అదే ఏడు పక్కనున్న జార్జియాలో ఇలాంటి చట్టమే వచ్చేసరికి కూలీలు రాత్రికి రాత్రి మాయమయ్యారు, పంట పొలంలో మిగిలింది. గవర్నర్ నేథన్ డీల్ ఒక ఉపాయం చెప్పారు: శిక్ష పడి ప్రొబేషన్ మీద బయట ఉన్నవాళ్లను పంపుదాం. పంపారు. వేసవి ఎండలో నడుం వంచి కీరదోసకాయలు కోయడం, బకెట్ నింపి మోసుకుపోవడం. మొదటిరోజే పొద్దు వాలకముందే చాలామంది చేతులెత్తేశారు. దొంగతనమే నయమనిపించే పని ఒకటుందని ఆ రోజు తెలిసింది.

వాకిలి పూర్తిగా మూసేశారని అనుకోవద్దు, పక్క గుమ్మం ఉంది. 2026 ఆర్థిక సంవత్సరానికి శరణార్థుల పరిమితిని 7,500కి తగ్గించారు. అంతకుముందు అది 1,25,000. ఆ కాస్తలోనూ ఎక్కువ చోటు దక్షిణాఫ్రికా తెల్లవాళ్లకే. 2025 మే 12న మొదటి జట్టుగా 59 మంది దిగితే, ప్రభుత్వ పెద్దలే విమానాశ్రయానికి వెళ్లి చేతిలో చిన్న జెండాలు పెట్టారు. మనవాళ్లకు జెండా బదులు బిల్లు వచ్చింది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటించగానే, ఇండియాకి విమానమెక్కి సీటు బెల్టు పెట్టుకున్నవాళ్లు బెల్టు తీసి దిగిపోయారు. పాతవాళ్లకు కాదని మర్నాడు తీరిగ్గా చెప్పారు. అంతకుముందు జనవరి 20న, తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి పుట్టే బిడ్డలకు పౌరసత్వం లేదన్న ఆదేశం వచ్చినప్పుడు, గడువు ఫిబ్రవరి 20 లోపు సిజేరియన్ చేయమని కొందరు భారతీయ దంపతులు అడుగుతున్నారని అక్కడి డాక్టర్లు పత్రికలకు చెప్పారు. కోర్టులు ఆ ఆదేశాన్ని ఆపాయి గానీ, సిజేరియన్‌కు పంచాంగం బదులు శ్వేతసౌధం ముహూర్తం పెట్టడం మాత్రం ఇదే మొదలు.

ఇంత జరుగుతున్నా, మేం వరసలో నిలబడి పద్ధతిగా వచ్చినవాళ్లం, మాకేం అనే పెద్దమనుషులు మనలో బోలెడుమంది. వాళ్లకు ఆ వరస కొలతలు కూడా చెప్పి ముగించాలి. 1946లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో భారతీయులకు మళ్లీ తలుపు తెరిచారు. 1965 అక్టోబరులో లిండన్ జాన్సన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టేదాకా మన దేశపు వంతు దాదాపు అదే. అదే జాన్సన్ ఆ ఆగస్టులో ఓటు హక్కు చట్టం మీద కూడా సంతకం పెట్టాడు. ఆ మార్చిలో అలబామాలోని సెల్మా వంతెన మీద, నల్లవాళ్ల ఓటు కోసం నడిచి పోలీసుల దెబ్బలు తిన్నవాళ్లు పెట్టించిన సంతకం అది. 1946 నాటి మన వంతు ఎంతంటే, సుమారు 40 కోట్ల జనాభాకి ఏడాదికి వందమంది. వందమందంటే సంక్రాంతి ముందు రోజు ఒక్క పల్లెవెలుగు బస్సు. అందరూ ఎక్కాక కూడా కండక్టరు టికెట్లు చించుతూ, ఇంకా ఖాళీ ఉంది, లోపలికి జరగండి, లోపలికి జరగండి అని అరుస్తూనే ఉంటాడు.