సవరణ: రెండు అంగీల మాట యోహానుది

నిన్నటి పోస్టులో తప్పు రాసినా, క్షమించండి. రెండు అంగీలున్నోడు లేనోనికి ఒకటి ఇయ్యాల అనేది యేసు ప్రభువు మాట అన్నా కదా, కాదు, బాప్తిస్మమిచ్చే యోహానుది, బైబిల్లో లూకా సువార్త 3వ అధ్యాయం 11వ వచనం. మా జమ్మలమడుగులో సండే స్కూల్ చెప్పే అక్క ఫోన్ చేసి సరిచేసింది. మళ్లీ తీసి చదివితే దాని కిందనే ఇంకా పెద్ద సంగతి ఉంది, మేమేం చేయాలని సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేటోళ్లు, అడిగితే నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దంటాడు యోహాను, సైనికులతో ఎవర్నీ బాధపెట్టొద్దు, మీ జీతంతో తృప్తి పడండి అంటాడు. బీరువాలో మడత విప్పని చీరలు ఆరుంటే నాలుగు ఇచ్చేసినా అని నిన్న రాసింది సగమే అండీ, పోయిన వారం శెనక్కాయలు పీకను వచ్చిన ఆడోళ్ల దగ్గర కూలిలో ఇరవై రూపాయలు బేరమాడి తగ్గించినా, అది రాయలేదు. ఈ పొద్దు తెల్లారే పోయి తలా ఇరవై ఇచ్చొచ్చినా.