హారతి పళ్ళెంలో ఫోను

మాంచెస్టర్‌లోనో లండన్‌లోనో ఒక చిన్న హాలు. అసలు బ్యాండుకు ముందు వాయించే ఓపెనింగ్ బ్యాండు రెండో పాటలో ఉంది. అప్పుడు మన రసజ్ఞుడు చెయ్యి పైకెత్తుతాడు. చప్పట్లకనుకునేరు! పాట గుర్తుపట్టే యాప్ తెరిచి, ఫోనును వేదిక వైపు హారతి పళ్ళెంలా తిప్పుతున్నాడు. ఫలితం లేదంటుంది యాప్. స్పీకరు దగ్గరైతే దానికి బాగా వినపడుతుందని నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ ముందుకు పోతాడు. మళ్ళీ లేదంటుంది. ఈలోపు గాయకుడు మైకులో బ్యాండు పేరు రెండుసార్లు చెప్పాడు. యాప్ వింటుండగా తను వినడం దేనికని కాబోలు, రసజ్ఞుడు పట్టించుకోలేదు. అదే పేరు బేస్ డ్రమ్ము మీద జానెడు అక్షరాల్లో ఉంది. గుమ్మం దగ్గరి పోస్టరు మీదా ఉంది.

ఆ యాప్ రాగాన్ని పట్టదు నాయనా. ఫలానా రికార్డులో ఏ క్షణాన ఏ ధ్వని పైకి లేచిందో ఆ గుర్తులే దాచుకుని పోల్చి చూస్తుంది. డ్రమ్మరు హుషారులో కాస్త పరుగెత్తినా లెక్క తప్పుతుంది. ఇక రికార్డే చెయ్యని బ్యాండంటారా, పుట్టని బిడ్డకు ఆధార్ వెతికినట్టే.

ఇలాంటి హాళ్ళలో మోగే పోస్ట్-పంక్, అంటే పంక్ రాక్ వెనకే పుట్టిన సంగీతం, వినాలంటే ముందు కింది స్వరాలు పలికే బేస్ గిటారు వినాలి, చాలాసార్లు రాగం దాని మీదే నడుస్తుంది. మాంచెస్టర్ బ్యాండు జాయ్ డివిజన్‌లో బేస్ వాయించిన పీటర్ హుక్ పై స్వరాలకు ఎక్కింది సౌందర్యశాస్త్రం చదివి కాదు, పక్క గిటారు హోరులో కింది స్వరాలు తనకే వినపడక. 1979లో ఆ బ్యాండు కూడా బజ్‌కాక్స్ అనే పంక్ బ్యాండుకు ముందు వాయిస్తూ బ్రిటన్ ఊళ్ళు తిరిగిన ఓపెనింగ్ బ్యాండే. ఓపెనింగ్ వాళ్ళకు సౌండ్ చెక్, అంటే కచేరీకి ముందు ధ్వని సరిచూసుకునే వంతు, ఆఖర్న వస్తుంది. అసలు బ్యాండు పెద్దవాళ్ళు తమ వంతు సాగదీస్తే వీళ్ళకు మిగిలేది పది నిమిషాలు. పెద్దవాళ్ళ డ్రమ్ములు దుప్పటి కప్పుకుని వెనకాల పడుకుంటాయి, వాటి ముందు మిగిలిన సందులో నలుగురూ ఇరుక్కోవాలి. సగం ఖాళీ హాలులో శబ్దం గోడలకు కొట్టుకుని బేస్ ముద్దయిపోతుంది. కాస్తయినా తేటగా వినాలంటే మిక్సింగ్ బల్ల పక్కన నిలబడండి, సౌండ్ ఇంజనీరు సరిచేసేది అక్కడ వినపడేదాన్నే. బారు దగ్గర వినపడేది గ్లాసుల్లో ఐసు. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచే మనవాళ్ళకు ఇది వేరే చెప్పాలా!

1978 జూన్ 16, బ్రస్సెల్స్. ఎల్విస్ కాస్టెలో అనే ఇంగ్లీషు గాయకుడి కోసం వచ్చిన జనం ముందుకు సూసైడ్ అనే న్యూయార్క్ జంట వచ్చింది. ఒక గొంతు, ఒక కీబోర్డు, ఒక డ్రమ్ మెషీను, అంతే. గిటారు లేకుండా ఇదేం బ్యాండని గోల, అరుపులు, చివరికి గాయకుడి మైకే ఎత్తుకుపోయారు. ఆ 23 నిమిషాలూ క్యాసెట్‌కు ఎక్కాయి. ఇవాళ ఆ అరుపులతో సహా డబ్బిచ్చి కొనుక్కుని, కళ్ళు మూసుకుని వింటున్నారు. మైకు లాక్కున్నవాడికి నా నమస్కారం. వాడు కనీసం విన్నాడు.

ఇక బ్యాండు తన పేరు వేసిన టీషర్టులు అమ్ముకునే బల్ల. బ్రిటన్‌లో కొన్ని హాళ్ళు ఆ అమ్మకంలో పావు వంతు దాకా లాక్కుంటాయి. 20 పౌండ్ల చొక్కాకు 5 పౌండ్లు! దేనికి? ఒక బల్ల వేసినందుకు. రాత్రంతా ఆ బ్యాండు పేరు చెప్పి అమ్మిన బీరులో వీళ్ళకు ఒక్క పెన్నీ ఇస్తారా? సిగ్గులేని బేరం. వ్యాను డీజిలుకు చాలని డబ్బుతో వచ్చిన పిల్లల దగ్గర ఇలా గుంజడాన్ని దోపిడీ అనక ఏమంటారు? 2022లో ఫీచర్డ్ ఆర్టిస్ట్స్ కోయలిషన్ అనే సంగీతకారుల సంఘం ఈ వాటా అడగని హాళ్ళకు ఒక జాబితా మొదలుపెట్టింది. జేబు కొట్టనివాళ్ళ పేర్లు వెతికి రాసుకోవలసిన గతి పట్టింది మరి.

ఆ బల్ల వెనక కూర్చున్నది బేస్ వాయించిన పిల్లే. రసజ్ఞుడు అక్కడికీ వస్తాడు. చొక్కా విప్పి చూస్తాడు, దాని మీది పేరుకు ఫోటో తీసుకుంటాడు, మడత చెడగొట్టి అక్కడే పడేసి బారు వైపు వెళ్ళిపోతాడు.