"క్రూజ్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు" అని చెప్పే పెద్దమనుషులకు ఒక దండం

థాంక్స్‌గివింగ్ దగ్గరపడితే చాలు, అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న: "బహమాస్ క్రూజ్‌కి పాస్‌పోర్ట్ కావాలా అండీ?" ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు: "అక్కర్లేదు, లైసెన్సూ బర్త్ సర్టిఫికెట్టూ చాలు, మా పక్కింటివాళ్ళు అలాగే వెళ్ళొచ్చారు." ఆ పక్కింటివాళ్ళు అమెరికా పౌరులు. అడిగినాయనది హెచ్-1బీ ఉద్యోగ వీసా, పైగా వీసా స్టాంప్ గడువు ఎప్పుడో దాటిపోయింది. సలహా ఇచ్చినాయనకి పోయేదేమీ లేదు కాబట్టి రెండు లైకులు తీసుకుని నిద్రపోతాడు.

ఆ సలహా పూర్తిగా అబద్ధం కూడా కాదు, అదే చిక్కు. 2004లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల కరీబియన్ నుంచి తిరిగొచ్చే సొంత పౌరులకు కూడా పాస్‌పోర్ట్ తప్పనిసరైంది. విమానంలో వచ్చేవాళ్ళకు 2007 జనవరి 23 నుంచి, ఓడలోనూ రోడ్డు మీదా వచ్చేవాళ్ళకు 2009 జూన్ 1 నుంచి. ఓడల విషయంలో మాత్రం ఒక సందు వదిలారు. ఏ అమెరికా రేవులో ఎక్కారో తిరిగి అదే రేవులో దిగే క్రూజ్ అయితే, అమెరికా పౌరులు బర్త్ సర్టిఫికెట్, ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీ చూపించి లోపలికి రావచ్చు. దీన్నే 'క్లోజ్డ్ లూప్' అంటారు. 16 ఏళ్ళలోపు పిల్లలకైతే ఫొటో ఐడీ కూడా అక్కర్లేదు. ఇందులో 'అమెరికా పౌరులు' అన్న ముక్కని మింగేసి మిగతాది ఫార్వర్డ్ చేయడమే మనవాళ్ళ ప్రతిభ.

పౌరులకైనా ఈ సందు అనుకున్నంత వెడల్పుగా లేదు. మయామీలో ఎక్కి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగితే అది క్లోజ్డ్ లూప్ కాదు, మధ్య దూరం అరగంటే అయినా సరే. రూట్లో మార్టినిక్, గ్వాడెలూప్ లాంటి ఫ్రెంచ్ దీవులుంటే పాస్‌పోర్ట్ అడుగుతారు. బర్త్ సర్టిఫికెట్ అంటే కౌంటీగానీ రాష్ట్రంగానీ ఇచ్చింది. పాప పాదముద్రలు వేసి ఆస్పత్రివాళ్ళు ఇచ్చే అందమైన కాగితం ఫ్రేమ్ కట్టించుకోవడానికే. ప్యూర్టోరికోలో పుట్టినవాళ్ళయితే 2010 జూలై 1కి ముందు జారీ అయిన సర్టిఫికెట్లు చెల్లవు.

మనవాళ్ళకి ప్రత్యేకమైన ఇరుకు ఇంకొకటుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పుట్టి, తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళ బర్త్ సర్టిఫికెట్ ఇండియాది. అది పుట్టుకకు రుజువేగానీ అమెరికా పౌరసత్వానికి కాదు. పాస్‌పోర్ట్ లేకుండా వెళ్ళాలంటే నాచురలైజేషన్ సర్టిఫికెట్ అసలు ప్రతి పట్టుకెళ్ళాలి. అది పోతే మళ్ళీ తీయించుకోడానికి ఫీజు 500 డాలర్ల పైమాటే, నెలల తరబడి ఎదురుచూపు వేరే. పాస్‌పోర్ట్ బుక్‌కి పెద్దవాళ్ళకు 130 డాలర్లు, మొదటిసారి అయితే ఇంకో 35. 165 డాలర్లు మిగుల్చుకోవడానికి ఆ సర్టిఫికెట్‌ని స్విమ్మింగ్ పూల్ ఉన్న ఓడలోకి తీసుకెళ్ళడం ఏం తెలివో నాకర్థం కాదు. ఓసీఐ కార్డు తెచ్చామని చూపించేవాళ్ళూ ఉన్నారు. అది ఇండియాలో దిగడానికండీ, జమైకాలో కాదు.

30 డాలర్ల పాస్‌పోర్ట్ కార్డు ఓడకి చెల్లుతుంది, అంతర్జాతీయ విమానానికి చెల్లదు. ఎప్పుడు కొరగాకుండా పోతుందో చూడండి: మెక్సికో దీవి కొజుమెల్‌లో దిగారు, తిరిగి వచ్చేసరికి ఓడ వెళ్ళిపోయింది. లేదా ఓడలో గుండెనొప్పి వచ్చి ఏదో దీవిలో ఆస్పత్రికి దించారు. అక్కడి నుంచి ఇంటికి విమానమే దిక్కు. కార్డుతోనో బర్త్ సర్టిఫికెట్‌తోనో ఎయిర్‌లైన్ ఎక్కించుకోదు. అమెరికా ఎంబసీయో కాన్సులేటో తెరిచేదాకా ఆగి ఎమర్జెన్సీ పాస్‌పోర్ట్ తీసుకోవాలి. శనివారం సాయంత్రం అయితే సోమవారం దాకా హోటల్ ఖర్చు మీదే.

ఇక అసలు విషయం. మన తెలుగు కుటుంబం క్రూజ్‌కి వెళ్తే ఒకే క్యాబిన్‌లో నాలుగు రకాల కాగితాలుంటాయి. భర్తది హెచ్-1బీ, భార్యది దానికి అనుబంధంగా వచ్చే హెచ్-4, పిల్ల అమెరికా పౌరురాలు, ఊరి నుంచి వచ్చిన అత్తమామలది బీ-2 సందర్శక వీసా. బుకింగ్ వెబ్‌సైట్‌లో పెద్దక్షరాలతో కనిపించే జాబితా పిల్లకి మాత్రమే సరిపోతుంది. మిగతా నలుగురి లెక్కలు మూడు రకాలు. దీవిలోకి రానిస్తారా అన్నది చిన్న ప్రశ్న. ఏ కాగితం చూపించి తిరిగి అమెరికాలోకి వస్తారన్నది పెద్ద ప్రశ్న.

హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఐ-797 అప్రూవల్ నోటీసు అమెరికాలో ఉండటానికీ పనిచేయడానికీ. బయటికెళ్ళి మళ్ళీ రావడానికి కావాల్సింది పాస్‌పోర్ట్‌లో గడువున్న వీసా స్టాంప్. స్టాంప్ పాత కంపెనీ పేరుతో ఉన్నా గడువుంటే, కొత్త కంపెనీ ఐ-797తో కలిపి వాడుకోవచ్చు. గడువు దాటితే మాత్రం, ఆ పాత స్టాంప్‌తోనే తిరిగి రానిచ్చే 'ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్' గుర్తొస్తుంది అందరికీ. అందులో సగమే గుర్తొస్తుంది. హెచ్ కేటగిరీకి ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే, అదీ 30 రోజుల లోపు ప్రయాణానికి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు మిగిలి ఉంటేనే, మధ్యలో కొత్త వీసాకి దరఖాస్తు చేయకుంటేనే. పక్క దీవులకి ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థి), జే (ఎక్స్‌చేంజ్) వీసాలవాళ్ళకి మాత్రమే ఉంది, క్యూబా మినహా. అంటే స్టాంప్ అయిపోయిన ఎమ్మెస్ కుర్రాడు బహమాస్ వెళ్ళి రాగలడు, అతని హెచ్-1బీ అన్నయ్య రాలేడు. వింతగా ఉన్నా నిబంధన అదే.

"మనం దిగేది క్రూజ్ కంపెనీ సొంత దీవిలోనే కదా" అనే వాదన ఇంకొకటి. కోకోకే అయినా, క్యాస్టవే కే అయినా, హాఫ్‌మూన్ కే అయినా బహమాస్ నేలే. లబాడీ హైతీది. కంపెనీ బోర్డు పెట్టుకున్నంత మాత్రాన దేశం మారదు.

టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి మెక్సికో రేవులు మాత్రమే చూసి తిరిగొచ్చే ఓడ అయితే కాగితం మీద హెచ్-1బీకి రీవ్యాలిడేషన్ వర్తిస్తుంది. అదే రూట్లో మెక్సికోది కాని గ్రాండ్ కేమన్ దీవి ఒక్కటి కలిసినా వర్తించదు. వర్తించే సందర్భంలో కూడా టెర్మినల్ కౌంటర్లో ఉండే సిబ్బందికి ఈ నిబంధన తెలియకపోవచ్చు. గడువు దాటిన స్టాంప్ చూసి పక్కన నిలబెడతారు. డబ్బు కట్టకముందే క్రూజ్ కంపెనీ నుంచి ఈమెయిల్లో రాతపూర్వకంగా తీసుకోండి, ఐ-94 ప్రింటు, నిబంధన ప్రింటు దగ్గర పెట్టుకోండి. మెక్సికో తన వంతుగా గడువున్న అమెరికా వీసాని ఒప్పుకుంటుంది, గడువు దాటినదాన్ని కాదు. ఆ ముక్క కూడా ఆ ఈమెయిల్లోనే అడగండి.

ఓడ దగ్గర ఆపేశారంటే ఒక రకంగా అదృష్టవంతులు, డబ్బే పోయింది. విమానంలో వెళ్ళేవాళ్ళకి ఆ మాత్రం అడ్డు కూడా ఉండకపోవచ్చు. వెళ్ళేటప్పుడు ఎయిర్‌లైన్ ముఖ్యంగా చూసేది అవతలి దేశం రానిస్తుందా అని. మీ తిరుగు ప్రయాణం సంగతి దానికి పట్టదు. బహమాస్ రాజధాని నసావు, అరూబా విమానాశ్రయాల్లో అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే, విమానం ఎక్కకముందే జరుగుతుంది. అక్కడ కాదన్నారంటే మీరు దీవిలో మిగిలారు. 2025 సెప్టెంబరు నుంచి వీసా దరఖాస్తు సొంత దేశంలోనో నివాస దేశంలోనో చేయాలని అమెరికా విదేశాంగ శాఖ చెబుతోంది. అంటే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ స్లాటే దిక్కు. హైదరాబాద్‌కి అమెరికా మీదుగా రాలేరు, అక్కడ విమానం మారడానికి కూడా వీసా కావాలి. ఇక లండన్ మీదుగానో మరోలానో దారి వెతుక్కోవాలి, గడువున్న అమెరికా వీసా లేకపోతే ఆ దేశాల ట్రాన్సిట్ వీసా గొడవ ఇంకోటి. నాలుగు రోజుల సరదా కోసం ఇదంతానా?

ఎఫ్-1 పిల్లలు మరీ సంబరపడకండి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం ఏడాది లోపుది ఉండాలి, చదువయ్యాక పనిచేసే ఓపీటీలో ఉంటే ఆరు నెలల లోపుది, దాంతోపాటు పని అనుమతి ఇచ్చే ఈఏడీ కార్డు, ఉద్యోగ పత్రం. లాటరీ తగిలి, హెచ్-1బీకి స్టేటస్ మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ మార్పు వదులుకున్నట్టే. పిటిషన్ బతుకుతుంది, కానీ స్టాంపింగ్ చేయించుకుని హెచ్-1బీ మీద లోపలికి రావాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా క్రూజ్ మాట ఎత్తకపోవడమే మేలు. ఇంకో మెలిక: అమెరికా మిమ్మల్ని తిరిగి రానిచ్చినా దీవి రానివ్వకపోవచ్చు. డొమినికన్ రిపబ్లిక్ మనకి ప్రవేశం ఇచ్చేది గడువున్న అమెరికా వీసానో నివాస కార్డునో చూసి. స్టాంప్ అయిపోయిన విద్యార్థికి అక్కడి పుంటా కానా బీచ్‌ల తలుపు ఆ దారిన తెరుచుకోదు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కార్డూ, ఇండియా పాస్‌పోర్టూ రెండూ పట్టుకెళ్ళాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్ళకి గడువున్న హెచ్ వీసా గానీ అడ్వాన్స్ పరోల్ (వెళ్ళి రావడానికి ముందస్తు అనుమతి) గానీ ఉండాలి. రెండూ లేకుండా వెళ్తే గ్రీన్‌కార్డు దరఖాస్తే వదులుకున్నట్టు లెక్క.

దీవుల సొంత వీసాల సంగతి ఒకే మూసలో పోసి చెప్పలేం. బార్బడోస్, జమైకా, గ్రెనడా, సెయింట్ కిట్స్, ట్రినిడాడ్, డొమినికా ఇండియా పాస్‌పోర్ట్‌కి ముందస్తు వీసా అడగవు. ఈ డొమినికా, పైన చెప్పిన డొమినికన్ రిపబ్లిక్ వేర్వేరు దేశాలు. ఒకదాని నిబంధన చదివి ఇంకోదానికి టికెట్ కొన్నవాళ్ళకి కౌంటర్ దగ్గర తెలిసొస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌కి విమానంలో వెళ్ళేవాళ్ళు ఆన్‌లైన్లో ఈ-టికెట్ అనే ఫారం కూడా నింపాలి. అది విమానం టికెట్ కాదు, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పత్రం. ఫ్రెంచ్ దీవులు షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం)లో లేవు, కాబట్టి యూరప్ ట్రిప్పుకి తీసుకున్న మామూలు షెంజెన్ వీసాతో మార్టినిక్ వెళ్ళిపోవచ్చని అనుకోవద్దు. సెయింట్ మార్టిన్ దీవి సగం ఫ్రాన్స్‌ది, సగం డచ్ వాళ్ళది, మధ్యలో తనిఖీ గేటు లేదు. పెద్ద విమానాశ్రయం డచ్ వైపు, కొన్ని మంచి బీచ్‌లు ఫ్రెంచ్ వైపు. గేటు లేనంత మాత్రాన రెండో వైపు నియమం లేనట్టు కాదు. ఓడలో వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళకి చాలా దీవులు మినహాయింపులిస్తాయి. ఆ మినహాయింపు విమానంలో దిగేవాళ్ళకి రాదు. అందుకే "మేం క్రూజ్‌లో వెళ్ళినప్పుడు ఎవరూ అడగలేదు" అన్న మాట విమాన ప్రయాణికుడికి ఎందుకూ పనికిరాదు.

స్టాంప్ లేనివాళ్ళు కరీబియన్ సముద్రం చూడకూడదా అంటే, ప్యూర్టోరికో ఉంది, అమెరికా వర్జిన్ ఐలాండ్స్ ఉన్నాయి. నేరుగా విమానంలో వెళ్ళొస్తే ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం దేశం దాటినట్టు కాదు. ఆ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్ నుంచి తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్, ఐ-797, ఐ-94 చేతిలో ఉండాలి. అక్కడున్నప్పుడు ఒక్క జాగ్రత్త: పక్కనే ఉన్న టోర్టోలా, వర్జిన్ గోర్డా బ్రిటిష్‌వి. రోజువారీ పడవ టూర్లు అక్కడికి తీసుకెళ్తాయి. పడవ ఎక్కారా, దేశం దాటారు. ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్ నుంచి బయల్దేరే క్రూజ్‌లు కూడా విదేశీ దీవులకే పోతాయి.

అత్తమామల బీ-2 మల్టిపుల్ ఎంట్రీ అయితే, గడువుంటే, ఇబ్బంది లేదు. కానీ "బహమాస్ వెళ్ళొస్తే ఇంకో ఆరు నెలలు వస్తాయి" అని వాళ్ళని ఓడ ఎక్కించకండి. 30 రోజుల లోపు పక్క దీవికి వెళ్ళొస్తే పాత ఐ-94 గడువుకే రానివ్వచ్చు. గడువు పొడిగింపుకి ఐ-539 వేసి ఉంటే, అది తేలకముందే దేశం దాటితే ఆ దరఖాస్తు పోతుంది.

ఐ-94 మాట వచ్చింది కాబట్టి, హెచ్-1బీ వాళ్ళు ఓడ దిగిన వారంలోపు వెబ్‌సైట్లో అది చూసుకోండి. పిటిషన్ మూడేళ్ళకి ఉన్నా, పాస్‌పోర్ట్ ఎనిమిది నెలల్లో అయిపోతుంటే కొత్త ఐ-94ని పాస్‌పోర్ట్ తేదీకే కత్తిరించి ఇవ్వచ్చు. తర్వాత పాస్‌పోర్ట్ రెన్యూ చేసుకున్నా ఆ తేదీ తనంతట తాను పెరగదు. ఇది చూసుకోక తెలియకుండానే స్టేటస్ పోగొట్టుకునే ప్రమాదముంది. పాస్‌పోర్ట్‌లో ఆరు నెలలకి తక్కువుంటే క్రూజ్ కంపెనీలే అభ్యంతరం చెప్పొచ్చు, ముందే రెన్యూవల్‌కి వేయండి.

పేర్ల గొడవ మనకి పుట్టుకతో వచ్చింది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. బుకింగ్‌లో మాత్రం ఫేస్‌బుక్ పేరు కొట్టేస్తారు. పాస్‌పోర్ట్‌లో ఉన్నదున్నట్టు, ఇంటిపేరు పొడుగ్గా ఉన్నా కత్తిరించకుండా కొట్టండి. పిల్లతో తల్లో తండ్రో ఒక్కరే వెళ్తుంటే రెండోవారి నోటరీ లేఖ పెట్టుకోండి.

ఇక బయల్దేరే రోజు. టెర్మినల్ బయట పోర్టర్లు పెద్ద సూట్‌కేసులు తీసేసుకుంటారు. అవి క్యాబిన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. చెకిన్ కౌంటర్ మధ్యలో ఉంటుంది. కాగితాలన్నీ ఆ సూట్‌కేసులో పెట్టి, కౌంటర్ దగ్గర జేబులు తడుముకునే కుటుంబం ప్రతి ఓడకీ ఒకటుంటుంది. పాస్‌పోర్ట్‌లు, గ్రీన్‌కార్డు, ఐ-797, ఐ-20 భుజాన వేసుకునే సంచిలో పెట్టుకోండి. కాగితాలు లేవని ఎక్కించుకోకపోతే క్రూజ్ డబ్బు తిరిగి రావడం కష్టం, ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా ఈ కారణానికి ఇవ్వదు.