ఆ శాలువా నేసింది ఎవరు?

ఇక్కడ ఆస్ట్రేలియాలో, షెపర్టన్‌లో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకకు వచ్చినవారిలో చాలామందికి ఆ క్షణం గుర్తుండదు. జ్యోతి ప్రజ్వలన అయింది, పిల్లల ప్రార్థనా గీతం అయింది, హాలు వెనక నుంచి పులిహోర వాసన వస్తోంది, అప్పటికే ఎప్పటిలాగే గంటన్నర ఆలస్యం. ఈ నేల ఆదివాసులైన (అబోరిజినల్) యోర్టా యోర్టా జనానికి చెందిన పెద్దావిడ ఒకరు వేదికెక్కి ‘వెల్‌కమ్ టు కంట్రీ’, అంటే తమ నేల మీదికి స్వాగతం, చెప్పారు. మన పద్ధతి ప్రకారం శాలువా కప్పాం, పూలగుత్తి ఇచ్చాం, జ్ఞాపిక చేతిలో పెట్టాం. ఫోటో కోసం కార్యవర్గమంతా ఆమె చుట్టూ చేరింది. ఆమె జ్ఞాపికను ఒకసారి వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ ముందుకు తిప్పి, నవ్వి, ఫోటోకు నిలబడ్డారు.

ఆ జ్ఞాపిక కొన్నది నేనే. ఒంటి నిండా రంగు చుక్కలు, మధ్యలో కంగారూ బొమ్మ ఉన్న బూమరాంగ్. మెల్‌బోర్న్‌లో ఒక కానుకల కొట్లో డజను తీసుకుంటే ధర తగ్గించారు. ఇండోనేషియాలో తయారైందని వెనక చిన్న స్టిక్కరు ఉంది. కొన్న రోజే చూశాను. పన్నెండు స్టిక్కర్లు ఎవరు గోకుతారులే అని వదిలేశాను. కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఇంటికి ప్లాస్టిక్ ఎడ్లబండి పట్టుకెళ్ళి, మీ కళ అంటే మాకు ఎంత గౌరవమో అని చేతిలో పెట్టినట్టయింది నా పని.

తెలియక చేశానని అందామంటే నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. మా మేనమామ పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవాడు. వేసవి సెలవులకు వెళితే ఆ ఇంటి గుమ్మంలోనే కరక్కాయ నీళ్ళు, గేదెపాలు కలిసిన వాసన తగిలేది. గుడ్డను అందులో నానబెట్టి ఆరబెడితే తప్ప రంగు పట్టదు. టేకు అచ్చును నల్లరంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. ఆ చప్పుడు మధ్యాహ్నమంతా లయగా వినిపించేది. అచ్చు వెంట్రుక వాసి పక్కకు జరిగితే తీగ తెగిపోతుంది. ఆయన అచ్చు జరగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. తరువాత స్క్రీన్ ప్రింటింగ్ వచ్చింది. వారం పట్టే పని పూటలో తేలిపోయేది. అదే డిజైను, అదే పేరు, పావు ధర. ఒకసారి విజయవాడలో ఒక బట్టల కొట్టులో ‘అసలైన పెడన కలంకారీ’ అని రాసి పెట్టిన దుప్పటి అంచు తిప్పి చూసి, కొట్టువాడితో అరగంట తగాదా పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ. అందుకే ఆ పెద్దావిడ బూమరాంగ్ వెనక్కి తిప్పినప్పుడు హాల్లో ఎవరికీ అర్థం కానిది నాకు అర్థమైంది. ఆ తిప్పడం నేను చిన్నప్పుడే చూశాను.

తరువాతి శనివారం క్షమాపణ చెప్పుకుందామని చెరువుగట్టున ఉన్న మన షెపర్టన్ ఆర్ట్ మ్యూజియంకు వెళ్ళాను. 2021లో కొత్త భవనం తెరిచినప్పటి నుంచి అక్కడికి వెళ్తూనే ఉన్నాను; కాఫీకి, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకు చెరువు చూపించడానికి. అదే భవనంలో ఉన్న కయేలా ఆర్ట్స్‌లోకి మాత్రం ఏనాడూ అడుగు పెట్టలేదు. కయేలా అంటే మనం గోల్బర్న్ అని పిలిచే నది. స్థానిక అబోరిజినల్ కళాకారులు అక్కడే కూర్చుని పని చేస్తారు, అక్కడే అమ్ముతారు.

నది ఒడ్డు గడ్డితో అల్లిన బుట్టలు, ఈమూ ఈకల పని, మట్టి పాత్రలు. నేను వెతికిన చుక్కలు పెద్దగా కనిపించలేదు. చుక్కల చిత్రాలు ఇక్కడివి కావట. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల, మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని పపున్యాలో, 1971 ప్రాంతంలో అక్కడి పెద్దలు తమ నేల మీది గీతలను బోర్డుల మీదికి ఎక్కించడంతో మొదలైన పద్ధతి అది. ఈ నదీ తీరపు వాళ్ళవి గీతలు, డైమండ్ గళ్ళు. చెట్ల బెరడు మీద, ఆయుధాల మీద, పాసమ్ అనే చెట్లెక్కే చిన్న జంతువు తోలు లోపలి వైపు చెక్కినవి. మనకు మాత్రం అన్నీ చుక్కలే. దక్షిణాది వాళ్ళందరూ మదరాసీలే అన్న ఉత్తరాది మనిషి మీద మనం ఎంత మండిపడతాం!

ప్రతి వస్తువు పక్కన ఒక చీటీ. చేసిన మనిషి పేరు, ఆ మనిషి ఏ జనానికి చెందినదీ.

ఆ పెద్దావిడ అక్కడే ఉన్నారు. ఇక్కడ పెద్దవాళ్ళను ఆంటీ అనడం గౌరవం, బిరుదులాంటిది. మన హాల్లో ఎవరినైనా ఆంటీ అంటే ఏమవుతుందో మీకు తెలుసు. నేను తడబడుతూ సంగతి చెప్పాను. ఆమె నవ్వేశారు. “మా మనవడు దాన్ని పెరట్లో విసురుతున్నాడు. తిరిగి రావడం లేదని గోల” అన్నారు. తరువాత, మాట మార్చడానికే అనుకుంటాను, “ఆ శాలువా మెత్తగా ఉంది. నేసింది ఎవరు?” అని అడిగారు.

ఇండియాలో నేశారని చెప్పాను. “ఇండియా చాలా పెద్దది కదా” అన్నారు. ఇక నా దగ్గర మాట లేదు. ఆ శాలువా మిల్లు సరుకు, పాలిస్టరు. డజన్ల లెక్కన హైదరాబాదు నుంచి సూటుకేసులో వచ్చింది. అంటే ఆ రోజు ఆమెకు ఇచ్చిన రెండిట్లో ఆమెది ఒకటీ నకిలీ, మనది ఒకటీ నకిలీ.

ఈ నకిలీల వ్యాపారం చిన్నది కాదు. ఇక్కడ అబోరిజినల్ శైలి పేరుతో అమ్ముడయ్యే జ్ఞాపికల మీద జనం పెట్టే డబ్బులో సగానికి పైగా నకిలీలకే పోతోందని 2022లో ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ తేల్చింది. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగులను అసలైనవిగా అమ్మిన ఒక కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే ఆ కంపెనీ దివాలా తీసింది, అది వేరే కథ.

యోర్టా యోర్టా వాళ్ళకు ఇది డబ్బు ఒక్కదాని సంగతి కాదు. భూమి హక్కు కోసం వాళ్ళు వేసిన దావాలో, చరిత్ర ఆటుపోటు మీ ఆచారాలను కడిగేసింది కాబట్టి హక్కు మిగల్లేదని 1998లో న్యాయమూర్తి తీర్పు చెప్పారు. 2002లో హైకోర్టు, అంటే ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం, వాళ్ళ అప్పీలు కొట్టేసింది. పోయిందన్న వాటి సంగతి చూడండి. ఎచూకా అనే ఊరి దగ్గర 1853లో సేకరించిన పాసమ్ తోలు దుప్పటి మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉంది. 1999లో ట్రేనా హామ్, లీ డారక్, విక్కీ కౌజెన్స్, డెబ్రా కౌజెన్స్ అనే నలుగురు కళాకారులు అలాంటి పాత దుప్పట్లను దగ్గర నుంచి చూసి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టారు. ఇక్కడ పాసమ్‌లను చంపకూడదు కాబట్టి తోళ్ళు న్యూజిలాండ్ నుంచి తెప్పించుకున్నారు. 2006 కామన్‌వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో విక్టోరియా జనాల పెద్దలు ఆ దుప్పట్లు కప్పుకుని నడిచారు. కప్పడమంటే అది. మనమూ ఆమెకు ఒకటి కప్పాం మరి.

వచ్చేసే ముందు ఆమె ఇంకో మాట చెప్పారు. “మీ వాళ్ళ మనిషి ఒకాయన మా తాతలకు చదువు చెప్పాడు, తెలుసా?” తెలియదు. థామస్ షాడ్రాక్ జేమ్స్, మారిషస్‌లో పుట్టిన భారత సంతతి మనిషి. అబోరిజినల్ జనాన్ని ఉంచిన మలోగా స్థావరంలో, తరువాత కమ్మెరగంజ స్థావరంలో దశాబ్దాల పాటు బడి నడిపి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకుని వాళ్ళలో కలిసిపోయారట. 1939లో కమ్మెరగంజ నుంచి రెండు వందల మంది అక్కడి పరిస్థితులకు నిరసనగా ముర్రే నది దాటి బయటికి నడిచిన పోరాటంలో ఆయన చదువు చెప్పినవాళ్ళ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడికి మనమే మొదట వచ్చామన్నట్టు మన సంఘం పత్రిక ప్రతి సంచికలో మన పయనీర్ల ఫోటోలు వేసుకుంటాం. ఆయన ఫోటో ఒక్కసారీ వేయలేదు.

ఇదంతా కార్యవర్గంలో చెబితే ఒకరు అన్నారు, ఉద్దేశం మంచిదే కదండీ అని. మంచిదే. అసలైనవి పన్నెండు కొంటే బడ్జెట్టు ఎక్కడిదని కోశాధికారి అడిగారు. అదీ సబబే, ఉద్యోగాల తరువాత రాత్రి పదింటికి కూర్చుని లెక్కలు చూసేది ఆయన. ఇంకొకరు, అసలు ఆ శాలువాల తతంగమే ఎత్తేద్దామన్నారు. దానికి నేను ఒప్పుకోను. తతంగమే కావచ్చు, కానీ మా నాన్న రిటైరైన రోజు కప్పిన శాలువా ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. ఇక ఇంటి దగ్గర మనం ఏమంత గొప్ప అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను: సీతంపేట ఏజెన్సీలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మ వేసే సవర మనిషిని మనం ఏ వేదిక మీదికి పిలిచి, ఏ శాలువా కప్పాం? అరకులో థింసా చూసి ఫోటో దిగి వచ్చేశాం.

కాబట్టి అడుగుతున్నది చిన్నదే. పన్నెండు జ్ఞాపికలు మానేద్దాం. ఒక్కటి కొందాం, కయేలా నుంచి, చీటీతో సహా. వేదిక మీద ఆ చీటీ చదువుదాం. మిగతా పదకొండు మంది అతిథులు మనవాళ్ళే, పులిహోర తిని క్షమిస్తారు. శాలువా కూడా ఒక్కటే, అదీ పేరున్నది. దయచేసి ఈ రెండూ వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టండి.

శాలువా సంగతి నేనే మొదలుపెట్టాను. పెడనలో మామయ్య కొడుక్కి ఫోను చేశాను. “బావా, ఒక్క గుడ్డ కావాలి, చేసినవాళ్ళ పేరు కావాలి” అన్నాను. “పేరెందుకమ్మా? మీటర్లు చెప్పు” అన్నాడు. ఒక్క గుడ్డకు ఆరు చేతులు పడతాయి, ఎవరి పేరని రాయను అన్నాడు. ఆరూ రాయమన్నాను.

రెండు రోజులకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. లెక్కల పుస్తకం నుంచి చించిన కాగితం, ఆరు పేర్లు. అచ్చు చెక్కినవారి పేరు చివర ఉంది, దాని పక్కన ‘కీ.శే.’ అని. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట, అచ్చు మాత్రం ఇంకా పని చేస్తోందని బావ రాశాడు.