ఎకనామిక్స్, డేటా సైన్స్: పెళ్లి చేశారు, కాపురాలు వేరే పెట్టారు

ఎకనామిక్స్ పీజీ పేరు చివర 'అండ్ డేటా సైన్స్' అని తగిలించేస్తే కొత్త కోర్సు పుట్టినట్టేనా? సిలబస్ తెరిచి చూడండి. మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాని గణాంకాలతో పరిశీలించే విద్య) ఒక పక్క. పైథాన్ ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లు, మెషీన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) ఇంకో పక్క. వీటిని ఒక డిపార్ట్‌మెంట్ చెబుతుంది, వాటిని ఇంకో డిపార్ట్‌మెంట్. మరి రెండూ కలిపేదెవరు? స్టూడెంటే తీరిక చూసుకుని కలుపుకోవాలట! పెళ్లి చేసి కాపురాలు వేరే పెట్టినట్టుంది వ్యవహారం.

అసలు చిక్కంతా ఈ రెండు విద్యలూ డేటాను అడిగే ప్రశ్నలోనే ఉంది. తర్వాత ఏం జరగబోతోందో సరిగ్గా చెప్పగలిగితే మెషీన్ లెర్నింగ్‌కి చాలు. మనం కావాలని ఒకటి మారిస్తే ఏమవుతుంది అన్నది ఎకనామెట్రిక్స్ బెంగ. హోటల్ గదులనే తీసుకోండి. అద్దె ఎక్కువగా ఉన్న రోజుల్లోనే గదులు నిండిపోతాయి, ఎందుకంటే రద్దీ ఉందనే అద్దె పెంచుతారు. అద్దె చూసి ఎన్ని గదులు నిండుతాయో చెప్పమంటే మోడల్ బ్రహ్మాండంగా చెబుతుంది. అదే మోడల్‌ని "అద్దె పెంచితే ఇంకా నిండుతాయా?" అని అడగండి. అవుననే అంటుంది! ఈ రెండు ప్రశ్నలకీ తేడా ఏమిటో మొదటి నెలలోనే బుర్రకెక్కకపోతే, తర్వాత నేర్చే అల్గారిదమ్‌లన్నీ తప్పు జవాబుని వేగంగా తెచ్చిపెట్టడానికే పనికొస్తాయి.

ఇంకో సంగతి. మాక్రో క్లాసులో ఆర్థికవేత్త రాబర్ట్ లూకాస్ 1976లో చేసిన విమర్శ చెబుతారు: విధానం మారితే మనుషుల ప్రవర్తనా మారుతుంది, కాబట్టి పాత డేటాలో దొరికిన సంబంధాలు నిలబడతాయన్న గ్యారంటీ లేదని. పక్క బిల్డింగ్‌లో డిస్ట్రిబ్యూషన్ షిఫ్ట్ అంటూ, శిక్షణ ఇచ్చిన డేటాకీ తర్వాత వచ్చే డేటాకీ పొంతన లేకపోతే మోడల్ బోల్తా కొడుతుందని చెబుతారు. మోడల్ బోల్తా కొట్టడానికి లూకాస్ చెప్పింది కూడా ఒక కారణమేనని ఏ క్లాసులోనూ చెప్పరు. రెండు పరీక్షల్లో రెండు వ్యాసాలు రాసి మార్కులు తెచ్చుకోవడమే.

'బిగ్ డేటా' అన్న మాట మీద మోజు కూడా నాకు అర్థం కాదు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెరిగింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా కలిపి నాలుగు వందల పైచిలుకు ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకి ముందూ తర్వాతా సర్వే చేశారు. వేతనం పెరిగినందుకు ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనపడలేదని 1994లో ప్రచురించారు. దాని మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి, నడవాలి కూడా. కార్డ్‌కి 2021 నోబెల్‌లో వాటా వచ్చింది. ఆ డేటా ఏ పాత లాప్‌టాప్‌లోనైనా పడుతుంది. తెలివంతా దేన్ని దేనితో పోల్చాలో ఎంచుకోవడంలో ఉంది.

అలాగని ఎకనామిక్స్ వాళ్లని వెనకేసుకు రావడం లేదు. మెషీన్ లెర్నింగ్ అనగానే ముఖం చిట్లించే ప్రొఫెసర్లకేం తక్కువ లేదు. ఆర్థికవేత్త చెర్నోజుకోవ్ బృందం 'డబుల్ మెషీన్ లెర్నింగ్', వాగర్, సుసాన్ ఏథీల 'కాజల్ (causal) ఫారెస్ట్' రెండూ 2018లోనే ప్రచురితమయ్యాయి. కారణాన్ని పట్టుకునే పనికి అల్గారిదమ్‌ని ఎలా వాడుకోవాలో చూపించే పద్ధతులివి. ఈ కోర్సుకి గుండెకాయ కావాల్సినవి. చాలా చోట్ల ఆఖరి సెమిస్టర్‌లో ఎలక్టివ్‌గా పడుంటాయి, అదీ సార్ ఖాళీగా ఉంటే!

నా చేతిలో ఉంటే మొదటి సెమిస్టర్‌లోనే అందరి చేతా ఒక పాత పేపర్‌ని దాని డేటాతో మొదటి నుంచి మళ్లీ లెక్క కట్టిస్తాను. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో రాసిన పేపర్‌లో, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని తేలింది. పొదుపు చర్యలు కావాలన్న రాజకీయ నాయకులకి అది ఆయుధమైంది. థామస్ హెర్న్‌డన్ అనే పీజీ స్టూడెంట్ క్లాసు అసైన్‌మెంట్‌గా ఆ లెక్క మళ్లీ వేయబోతే కుదరలేదు. స్ప్రెడ్‌షీట్ సూత్రంలో ఐదు దేశాలు జారిపోయాయి, కొన్ని ఏళ్ల డేటా వదిలేశారు, సగటు తీసిన తీరూ వివాదాస్పదమే. 2013లో తన ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి సరిచేస్తే 2.2 శాతం వచ్చింది. ఇక్కడ న్యూరల్ నెట్‌వర్క్ లాంటి మెషీన్ లెర్నింగ్ మోడల్ అవసరమే రాలేదు. ఫైలు తెరిచి గడి గడీ చూసే ఓపిక, ఈ అంకె ఇలా ఎందుకుంది అనే అనుమానం ఉంటే సరిపోయింది.

చేరాలనుకునేవాళ్లు ప్లేస్‌మెంట్ అంకెలు తర్వాత చూసుకోండి. కాజల్ ఇన్ఫరెన్స్ (ఏది దేనికి కారణమో తేల్చే విద్య) తప్పనిసరి సబ్జెక్టేనా, థీసిస్‌కి రెండు డిపార్ట్‌మెంట్ల నుంచీ గైడ్‌లు ఉంటారా, డేటా శుభ్రం చేసిన కోడ్‌కి కూడా మార్కులుంటాయా అని మెయిల్ పెట్టి అడగండి. జవాబుగా రంగురంగుల బ్రోషర్ ఒక్కటే వస్తే, ఇంకో యూనివర్సిటీ వెతుక్కోండి.